ఫోను వీధికి సారె

మా తోటికోడలు యమున ఎం.ఏ. పాసైనప్పుడు మా ఇంట్లో ముందు గొడవ జరిగింది, పండగ ఆ తర్వాత జరిగింది. గొడవ మా అత్తకీ యమునకీ. మధ్యలో ఉన్నదాన్ని కాబట్టి రెండు వైపుల తిట్లూ నేనే తిన్నాను.

మాది ఆమదాలవలస. స్టేషను పక్క వీధిలో ఇల్లు. మా ఆయనా మా మరిదీ ధాన్యం కొట్లో పని చేస్తారు. ముందు గదిలో నేను కిరాణా కొట్టు నడుపుతాను, వెనక గదిలో యమున జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ గదిలోకి అడుగు పెట్టడానికి చోటుండదు. మిషను తొక్కుతూ అది పొద్దస్తమానం చెవిలో తీగ పెట్టుకుని ఏదో వినేది. పాటలనుకున్నాను. ఒకనాడు తీగ ఊడి ఫోను పైకి మోగింది. ఎవరో మగమనిషి గొంతు, వెనకాల హోరుమని సముద్రం, "అక్బరు కాలంలో భూమిని నాలుగు రకాలుగా విభజించారు" అంటోంది. పరాయి మగాడి గొంతు పగలంతా చెవిలో పెట్టుకుని మా యమున అక్బరు భూముల గురించి వింటోందంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్మాను, కాకపోతే కొంచెం టైము పట్టింది.

సంగతేమిటంటే అది దూరవిద్యలో ఎం.ఏ. చరిత్ర కట్టింది. పుస్తకాలు పోస్టులో వచ్చాయి గానీ వాటిని పట్టుకునే చెయ్యి ఖాళీగా ఉండాలి కదా. అదే కష్టంలో ఉన్న మరికొందరు ఫోనులో కలిశారు. 'వినే బడి' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. పాఠాలు పంచుకుని, ఎవరి వాటా పాఠాన్ని వాళ్ళు గట్టిగా చదివి రికార్డు చేసి అందులో పెట్టాలి. మిగతావాళ్ళు పని చేసుకుంటూ వినాలి. అంతే బడి. దాన్ని నడిపేది కోటబొమ్మాళిలో ఒక ఆసుపత్రి నర్సు, మెర్సీ అని. ఆవిడ చాలా ఖచ్చితమైన మనిషి. గుడ్ మార్నింగులు, పువ్వుల బొమ్మలు, ఎవరి ఫొటోలూ పెట్టకూడదంది. పెడితే బయటికే.

అందుచేత వాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. గొంతును బట్టీ, వెనకాల చప్పుడును బట్టీ గుర్తు పట్టేవారు. మెర్సీ పాఠంలో కోడి కూస్తుంది. తిలారులో పంచర్లు వేసే పృథ్వీరాజ్ పాఠంలో గాలి కొట్టే మిషను ఆయాసపడుతుంది. మా యమున పాఠంలో రైళ్ళు పోతాయి, మధ్యలో నేను బేరగాళ్ళ మీద అరుస్తాను. సముద్రం ఉన్న గొంతు భావనపాడు సోములుది. చేపల వేటకెళ్ళే మనిషి. అంత చక్కగా చదివేవాడు వాళ్ళలో ఇంకొకడు లేడు. ఆర్థిక చరిత్ర పేపరంటే అందరికీ భయమని, అది మొత్తం అతని చేతే చదివించారు. నేను కూడా కొట్లో కూర్చుని గుమ్మంలోంచి వినేదాన్ని. విన్నానని యమునకి చెప్పలేదు, చెబితే దానికి లోకువ అవుతాను.

ఫలితాలు వచ్చాయి. గ్రూపులో అందరూ గట్టెక్కారు, సోములు తప్ప. అతనికి ఒక పేపరు పోయింది. మెర్సీ ఆ రోజుకి గుడ్ మార్నింగులు, పువ్వులు అన్నీ అనుమతించింది. ఫోను ఒకటే మోత. ఆ సందడి మధ్యలో సోములు గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు సన్నటి అక్షరాలతో ఒక వరుస వచ్చింది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. సాయంత్రం యమున చూసింది. ఫోను చేస్తే కట్ చేశాడు, మెసేజీ పెడితే చదివాడు గానీ జవాబివ్వలేదు.

మా అత్త చిన్నతల్లి ఈ సంగతి తెలియక పిండి దంపించడానికి బియ్యం నానబోసింది. ఆవిడకి చదువు లేదు, అనుమానం లేదు, ఆగడం అసలే లేదు.

"నాకే పండగా వొద్దత్తా. ఆ అన్నయ్య గొంతు ఇని పాసయినాను. అతను లేకండా నాను నోట్లో ఏటి ఎట్టుకోను?" అంది యమున.

"నీకెవులు ఎడతన్నారే? ఇది పండగ కాదు, సారె" అంది మా అత్త.

సారె అంటే మా వైపు కోడలు పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు వెంట వచ్చే పిండివంటలు. అవి దాచుకుని తినేవి కావు. వీధిలో గుమ్మం గుమ్మానికీ తిరిగి పంచాలి. ఒక్క గుమ్మం తప్పినా ఆ ఇంటావిడ తన మనవళ్ళ పెళ్ళి దాకా గుర్తుంచుకుంటుంది. మా అత్త లెక్క ఏమిటంటే, కోడలు ఇంటికి ఏం తెచ్చినా పంచాల్సిందే. ఇది ఎం.ఏ. తెచ్చింది.

"అయితే మన ఈదిలో పంచీ" అన్నాను నేను.

"మన ఈదిలోలు దానికేటి సదువు సెప్పినారే? మిషను సప్పుడుకి నిద్దర పట్టలేదని తగువుకొచ్చినారు. ఆ ఫోనే దాని ఈది. ఆ ఈదిలో గుమ్మాలకే పంచాలి. సోములు గుమ్మం తప్పితే నానొప్పుకోను. సారె తిరిగి ఇంటికి తెచ్చుకున్న కొంప మాది కాదు."

అలా తేలింది. దూరపు వాళ్ళకి పార్సిళ్ళు కట్టి పంపాం. రైలు దారిలో ఉన్నవాళ్ళకి మాత్రం చేత్తో ఇవ్వాలని మా అత్త పట్టు. పొద్దున పలాస పాసింజరుకి వెళతామనీ, ఎవరి స్టేషనులో వాళ్ళు నిలబడమనీ యమున గ్రూపులో చెప్పింది. సోములుకి విడిగా మెసేజీ పెట్టింది, నౌపడా స్టేషనుకి రమ్మని. అరిసెలు, కజ్జికాయలు, మినపసున్ని ఉండలు, జంతికలు మూటలు కట్టి పెద్ద బుట్టలో పెట్టుకుని ముగ్గురం రైలెక్కాం. కొట్టు మా ఆయనకి అప్పగించాను. ఆయన దాన్ని సాయంత్రానికి ఏ గతి పట్టిస్తాడో అన్న బెంగ ఒకటి నా వెంట వచ్చింది.

తిలారులో మొదటి తప్పు జరిగింది. బండి ఆగేది క్షణం. మా అత్త కిటికీలోంచి బుర్ర పెట్టి, ఎదురుగా కనిపించిన మీసాలాయన్ని "పృథ్వీరాజువా నాయనా?" అని అడిగింది. ఆయన ఒకసారి మూట వైపు చూసి, అవునన్నాడు. ఆవిడ మూట చేతిలో పెట్టింది, నిండా నూరేళ్ళు బతకమంది. ఆయన దండం కూడా పెట్టాడు. అంతలో వెనక నుంచి ఒక సన్నటి కుర్రాడు పరిగెత్తుకొస్తూ "యమునక్కా" అని పిలిచాడు. ఆ గొంతు వింటూనే యమున లేచి నిలబడిపోయింది.

"అత్తా, పృథ్వీరాజు ఇతను. అతనెవులో."

మీసాలాయన అప్పటికే జనంలో కలిసిపోయాడు. కదిలే బండిలోంచి ఇంకో మూట కుర్రాడికి అందించాం. అడగ్గానే అబద్ధం ఆడిన ఆ మనిషిని మా అత్త నౌపడా దాకా తిడుతూనే ఉంది. ఇచ్చిన ఆశీర్వాదం వెనక్కి తీసుకునే దారేదైనా ఉందా అని నన్ను అడిగింది.

ఈ సంగతి యమున గ్రూపులో పెట్టింది కాబోలు, కోటబొమ్మాళిలో మెర్సీ జాగ్రత్త పడింది. బండి ఇంకా ఆగకముందే ప్లాట్‌ఫారం మధ్యలో తెల్లచీర కట్టుకున్న ఒక భారీ మనిషి చేతులు కట్టుకుని నిలబడి, "శాతవాహనుల కాలం నాటి సాంఘిక పరిస్థితులు. ఒకటో భాగం" అని గట్టిగా పాఠం మొదలుపెట్టింది. ప్లాట్‌ఫారం మీద జనం అంతా అటే చూశారు. యమున కిటికీ ఊచల్లోంచి రెండు చేతులూ చాపి ఆవిడ చేతులు పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. మా అత్త బొట్టు పెట్టబోయి, మెడలో సిలువ చూసి ఆగింది.

"పెట్టీండమ్మా, మీ సంతోసం. సాయంత్రం కడిగేసుకుంటాను" అంది మెర్సీ. బండి కదులుతుంటే వెంట నడుస్తూ, "సోములుని వదలకండి. అతను వెళ్ళిపోయాక మన గ్రూపులో ఆడియో ఒక్కటీ రాటం లేదు. బాగోలేదు" అంది.

నౌపడాలో దిగాం. స్టేషను బయట నిలబడి, వచ్చే ప్రతి మగాడినీ చూశాం. మొహం తెలియదు కాబట్టి ప్రతివాడూ సోములులాగే ఉన్నాడు. ఈసారి మా అత్త ఎవరికీ మూట ఇవ్వలేదు. చాలాసేపటికి యమున, "రాడు అక్కా" అంది. దాని మొహం చూడలేకపోయాను. ఎం.ఏ. పాసైన మనిషి మొహం అలా ఉండకూడదు. నాకు ఆ సోములు మీద ఒళ్ళు మండింది.

"రాకపోతే మనవే పోదాం. సముద్రం ఎక్కడికీ పోదు కదేటి" అని ఆటో మాట్లాడాను. ఉప్పు మళ్ళ పక్క నుంచి భావనపాడు చేరాం.

అక్కడ కొత్త చిక్కు. ఒడ్డున చేపలు అమ్మే ఆడవాళ్ళని సోములు ఇల్లెక్కడ అని అడిగితే నవ్వారు. "ఏ సోములమ్మా? మా ఊల్లో సోములికేటి కరువు? పెద సోములా, సిన సోములా, కుంటి సోములా?" అన్నారు. ఎం.ఏ. చదివే సోములు అంటే అలాంటి వాడు ఊళ్ళో ఎవడూ లేడన్నారు. ఫొటో ఉందా అన్నారు. ఫొటో లేదు.

అప్పుడు యమున ఫోను తీసి, ఆర్థిక చరిత్రలో ఒక పాఠం పెట్టి, సౌండు మొత్తం పెంచింది. బుట్టల మధ్య ఈస్టిండియా కంపెనీ వాళ్ళ బట్టల వ్యాపారం మొదలైంది. బేరాలు ఆగిపోయాయి. ఒక ముసలమ్మ చెవి దగ్గర పెట్టుకుని విని, "ఓలమ్మ, ఇది గున్నమ్మ మొగుడు కాదేటి" అంది. మిగతావాళ్ళూ అవునన్నారు. అయినా మమ్మల్ని కదలనివ్వలేదు. నేతపని వాళ్ళ గతి ఏమైందో పూర్తిగా వినేదాకా యమున ఫోను ఇమ్మంటే ఇవ్వలేదు. వినడం అయ్యాక ఆ కంపెనీ వాళ్ళని నాలుగు మాటలు తిట్టి, ఇల్లు చూపించారు.

గున్నమ్మ గుమ్మంలో చేపలు ఎండబెడుతోంది. మేమెవరమో చెప్పాక చేతిలో చేప కింద పెట్టి లేచింది.

"మీరు నిజింగా ఉన్నారా? రాజుల పేర్లు సెప్పుకుంటూ ఒక్కడే ఒడ్డెంబడి తిరుగుతుంటే, ఈ మడిసికి ఏదో పట్టిందని తాయెత్తు కట్టించినానమ్మా" అంది. తర్వాత ఇంటి వెనక్కి తిరిగి కేకేసింది. "ఒయ్యా, నీ పోనులో మడుసులొచ్చినారు."

వల ఒడిలో పెట్టుకుని బాగు చేసుకుంటున్న మనిషి లేచి వచ్చాడు. పొట్టిగా, నల్లగా, జుట్టు నెరిసి ఉన్నాడు. అంత గొంతు అంత చిన్న మనిషిలోంచి ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు. యమునని చూసి దండం పెట్టి తల దించుకున్నాడు.

"పాసయినోల మజ్జిన నాకేటి పని సెల్లమ్మా. అందుకే వచ్చీసినాను" అన్నాడు.

"ఏ పేపరన్నయ్యా పోయింది?"

అతని చేత చెప్పించేదాకా గున్నమ్మ ఊరుకోలేదు.

"ఆర్థిక చరిత్ర" అన్నాడు.

నేను నమ్మలేదు. గ్రూపులో అందరికీ ఎక్కువ మార్కులు వచ్చిన పేపరు అదే. అందరూ అతని గొంతులో విని రాసిన పేపరు.

"అది నువ్వే కదా సదివినావు" అంది యమున.

"నానే సదివినాను. అందుకే పోయింది" అన్నాడు సోములు. "సదివినప్పుడు నాకు పాఠం బుర్రకెక్కదు. గాలి కొడతన్నాదేటో, మాట ఇరుగుతన్నాదేటో, మీకు సరిగ్గా ఇనపడతాదో లేదో, నా ద్యాసంతా దాని మీదే. మీరు సదివినవన్నీ పడవలో కూకుని ఇన్నాను. అవి రాసీసినాను. ఆ పేపరు మట్టుకు ఇంకెవులూ సదవలేదు. నా గొంతు నాను ఇనాలంటే నాకు సిగ్గు."

ఆ పాఠాలు పంచింది యమునే. అతని గొంతు బాగుంటుందని, పేపరు మొత్తం అతనికే ఇచ్చింది. ఇచ్చినప్పుడు అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ మాట ముందే సెప్పొచ్చు కదన్నయ్యా."

"ఏటని సెప్పను? మీ అందరికీ బాగున్నాదన్నారు. అది సాల్దా?"

మా అత్త అప్పటిదాకా బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎం.ఏ.లు ఇద్దరూ ఇలా ఏడుస్తుంటే ఆవిడకి విసుగొచ్చింది.

"దీనికి ఏడుపెందుకు? ఇన్నాళ్ళూ అతగాడు సదివినాడు, మీరు ఇన్నారు. ఇప్పుడు మీరు సదవండి, అతగాడు ఇంటాడు. మల్లీ రాస్తాడు" అని మూట తీసింది. "ఇదిగో నాయనా."

"పాసయినాక పుచ్చుకుంటానమ్మా" అన్నాడతను వెనక్కి తగ్గి.

"పాసయినావా అని నిన్నెవులడిగినారు? సదువు సెప్పినావా లేదా? ఇది సెప్పినోలికి."

గున్నమ్మ మాత్రం కొంగు చాపింది. మొగుడి వైపు చూడకుండానే సారె కొంగులో కట్టుకుని, అందులోంచి ఒక అరిసె తీసి అతని చేతిలో పెట్టింది. అతను కాసేపు దాన్ని పట్టుకుని నిలబడి, తర్వాత తిన్నాడు.

ఇక పండగంటే అదే. యమున మెర్సీకి ఫోను చేసింది. మెర్సీ సోములుని తిరిగి గ్రూపులో చేర్చి, తను పెట్టిన నియమాన్ని తనే తీసేసి, అందరికీ కలిపి వీడియో పెట్టింది. ఫోను గోడ మేకుకి వేలాడదీశాం. పాఠాలు గంటలకొద్దీ చదివిన మనుషులు మొహాలు కనబడేసరికి నోరెత్తలేదు. ఆడవాళ్ళు కొంగు సర్దుకున్నారు, మగవాళ్ళు జుట్టు సర్దుకున్నారు. పృథ్వీరాజ్ మొహం నిండా గ్రీజే. సాలూరు నుంచి ఒకాయన తన మొహం కాకుండా సీలింగు చూపించాడు చాలాసేపు. చివరికి మెర్సీ, "ఎవరో ఒకరు మాటాడండర్రా, ఎవరెవరో తెలియటం లేదు" అంటే అందరూ ఒకేసారి మాట్లాడారు. ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. అక్కడ అందరూ పార్సిలు విప్పి తిన్నారు, ఇక్కడ మేం తిన్నాం. ఒడ్డు నుంచి ఆ ఆడవాళ్ళు కూడా వచ్చి ఫోనుకి చేతులు ఊపారు. గున్నమ్మ చేపల పులుసుతో అన్నం పెట్టింది. జీవితంలో అంత మంది కొత్తవాళ్ళతో అంత హాయిగా నేనెప్పుడూ అన్నం తినలేదు.

తిరుగు రైల్లో యమున ఆర్థిక చరిత్ర మళ్ళీ పంచింది. ఈసారి సోములుకి ఒక్క పాఠం కూడా లేదు. మిగిలినవాళ్ళకి పంచగా ఉప్పు పన్ను పాఠం మిగిలింది. అది నా వైపు చూసింది.

"అక్కా, ఇది నువ్వు సదువు."

"నాకేటి పని? పదోతరగతితో పుస్తకం మూసీసినదాన్ని. నా గొంతు గయ్యాళి గొంతు."

"నువ్వు గుమ్మంలోంచి ఇనీదానివి. నాకు తెలుసు" అంది.

ఇంటికొచ్చి, మా ఆయన చెడగొట్టిన కొట్టు సర్ది, మర్నాడు బేరాలు లేని వేళ తలుపు దగ్గరకేసి కూర్చున్నాను. మొదటి పేరా నెమ్మదిగానే చదివాను. తర్వాత ఆ తెల్లవాళ్ళు ఉప్పు ఎవరూ పండించుకోకూడదన్న సంగతి వచ్చింది. మన సముద్రం, మన ఎండ, మధ్యలో వీళ్ళెవరు? చదువుతున్న కొద్దీ నాకు కోపం తన్నుకొచ్చింది. అప్పు తీర్చని బేరగాడితో మాట్లాడినట్టే చదివాను. పూర్తయ్యాక గొంతు మంటపుట్టింది. యమున దాన్ని గ్రూపులో పెట్టేసింది, ఆగమనే లోపల.

సాయంత్రానికి సోములు జవాబు వచ్చింది, అతని గొంతులోనే. వెనకాల అలలు.

"యమునమ్మా, ఇదెవులు సదివినారు? వలలాగుతూ ఇన్నాను. ఒక్క ముక్క మర్సిపోలేదు. మద్దిలో నాకూ కోపం వచ్చి వల ఒగ్గీసి నిలబడిపోనాను. మిగతా పాఠాలు కూడా ఆవిడ చేతే సదివించమ్మా. ఇలగైతే నాను తప్పకండా పాసవుతాను."

యమున దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టి వినిపించింది. నేను పప్పు తూస్తున్నట్టు తల వంచుకున్నాను. గొంతు తగ్గించమని చెప్పినవాళ్ళే గానీ, నా గొంతు కావాలని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బేరం వచ్చినా లేవకుండా, తర్వాతి పాఠం ఏ పేజీలో ఉందో చూపించమని యమునని అడిగాను.